చివరి మూడు రోజులు ఇంట్లో ఉండొద్దు

విదేశం నుంచి సెలవులకు ఊరికెళ్లినప్పుడు, తిరుగు ప్రయాణానికి ముందు రెండు మూడు రోజులు మీ అమ్మ ఎక్కడుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మా అమ్మయితే వంటింట్లో ఉండేది. అరిసెలు, చెనక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ, నూనె కారకుండా కవరు మీద కవరు. నేను బ్యాంకులో, లేదంటే తూకం దగ్గర. పెట్టె 23 కిలోలు దాటితే ఒకటి తీసి ఇంకొకదాంట్లో పెట్టడం, మళ్లీ తూచడం. మా నాయన వరండాలో కూర్చుని, చూడవచ్చిన బంధువులకు నా బదులు జవాబు చెప్పేవాడు. ముగ్గురం ఒకే కప్పు కింద ఉండి పది నిమిషాలు కలిసి కూర్చున్నది లేదు.

అందుకే మన సంఘం సభ్యులకు, ముఖ్యంగా సీమ నుంచి వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఆ మూడు రోజులు ఇంట్లో ఉండొద్దు. పెట్టెలు సర్దేసి, అమ్మానాయనల్ని కారులో ఎక్కించుకుని, దారిలో ఆగుతూ విమానాశ్రయం వైపు కదలండి. కారులో అమ్మకు చేసే పని ఉండదు. మన పక్కనే, చేతులు ఖాళీగా కూర్చుంటుంది. ఆమె మాటలు వినడానికి నాకు తెలిసిన మంచి చోటు అదే.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట తెల్లవారుజామున రెండింటికి బెంగళూరులో విమానం. ముందు రోజు మధ్యాహ్నం కడపలో బయలుదేరాం. గువ్వలచెరువు ఘాటు రోడ్డులో లారీ అడ్డం పడింది. మూడు గంటలు కదల్లేదు. ఆ తర్వాత రాయచోటి, మదనపల్లె, చింతామణి ఎలా దాటామో తెలియదు. టిక్కెట్టు లేనివాళ్లను టెర్మినల్ లోపలికి పంపరు. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి, డ్రైవరు పెట్టెలు దించుతున్నాడు, అమ్మ పెరుగన్నం పొట్లం నా చేతిలో పెట్టింది. కాళ్లకు మొక్కే తీరిక కూడా దొరకలేదు. వాళ్లు అట్నుంచి అటే రాత్రంతా ప్రయాణం చేసి ఇంటికెళ్లారు. ఫోను కలిసేదాకా నా గుండె నా దగ్గర లేదు.

ఆ తర్వాతి సారి కడప నుంచి నేరుగా దక్షిణానికి దిగకుండా పడమటికి తిరిగి, మొదటి రాత్రికి గండికోట చేరాం. కడప జిల్లాలోనే పుట్టి పెరిగిన అమ్మ అరవై ఏళ్లు దాటినా గండికోట చూడలేదు. పక్కనే ఉన్నది ఎప్పుడైనా చూడొచ్చని అనుకుంటూనే ఏళ్లు గడిచాయి. మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం ఒకదానికొకటి దగ్గరే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా మెల్లగా నడవొచ్చు. పెన్నా నది పారే గండి అంచున మాత్రం బండల మీద ఎక్కాలి, కాలు జారితే పట్టుకోవడానికేమీ ఉండదు. అక్కడికి నేనూ నాయనా వెళ్లాం. కింద నీళ్లు చూస్తూ, తన పెళ్లికి ముందు జమ్మలమడుగులో ఆరు నెలలు లెక్కలు రాసిన సంగతి చెప్పాడు. నలభై ఏళ్లలో ఆ మాట నా చెవిన పడలేదు.

రెండో రోజు తాడిపత్రి. చింతల వెంకటరమణస్వామి గుడి చూసుకుని రాత్రికి అనంతపురం. బెలూం గుహలు ఆ చుట్టుపక్కలే ఉన్నా వదిలేశాం. లోపల ఉక్క, మెట్లు, వంగి నడిచే చోట్లు. పిల్లలతో వెళ్లండి, పెద్దవాళ్లను మాత్రం అక్కడికి తీసుకెళ్లొద్దు. మూడో రోజు పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని, 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ దాటి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర లేపాక్షి వీరభద్రస్వామి గుడికి తిరిగాం. ఎండ ముదరకముందే వెళ్లాలి, లేకపోతే చెప్పుల్లేని కాళ్లు బండ మీద నిలవవు. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తుంటే, అమ్మ చీర అంచుల్లాంటి నగిషీలు చెక్కిన లతామంటపంలో ఒక్కో స్తంభం దగ్గరా ఆగింది. "ఈ అంచు నా ధర్మవరం చీరలో ఉండాది చూడు అబ్బీ" అని రాతి మీద వేలు పెట్టి గీసి చూపించింది. వీరభద్రుడి దర్శనం కన్నా ఆ స్తంభాల దగ్గరే ఎక్కువసేపు గడిపాం.

ఈ వరుస ఊరికే పెట్టుకున్నది కాదు. దూరంగా ఉన్నవి, దారి నమ్మకం లేనివి ముందు. విమానాశ్రయానికి దగ్గరవి చివర. బెంగళూరు విమానాశ్రయం నగరానికి ఉత్తరాన దేవనహళ్లిలో ఉంది కాబట్టి అనంతపురం మీదుగా వచ్చేవాళ్లు ఊళ్లోకి దిగే పనే లేదు. వానాకాలం చివర వెళ్లేవాళ్లు ఇంకో రోజు చేతిలో ఉంచుకోండి. 2021 నవంబరు వరదల్లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది వంతెన కుంగింది. కర్నూలు వాళ్లకైతే హైదరాబాదు దారి సులువు. అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలు చూసి, జోగులాంబ దర్శనం చేసుకుని వెళ్తే శంషాబాద్ విమానాశ్రయం కూడా నగరానికి ఇవతలే తగులుతుంది.

విమానం తేదీ జాగ్రత్తగా చూసుకోండి. 15వ తేదీ రాత్రి రెండు గంటలంటే 14వ తేదీ రాత్రి పది, పదకొండుకల్లా అక్కడుండాలి. బ్యాంకు, రిజిస్ట్రేషన్ పనులు బయలుదేరే ముందు రోజుతో ముగించండి. వీసా ముద్రకిచ్చిన పాస్‌పోర్టు చేతికి రాకుండా గది బుక్ చేయొద్దు. వచ్చాక అది భుజం సంచిలోనే ఉండాలి, కారులో వదలొద్దు. ఎండు కొబ్బరి పెట్టెలో పెట్టొద్దని అమ్మకు ముందే చెప్పండి, నూనె ఎక్కువని పెట్టెల్లో రానివ్వరు.

అన్నిటికన్నా ముఖ్యమైనది దేవనహళ్లి దగ్గర ఒక గది. సాయంత్రం ఐదింటికి చేరాం. స్నానాలు చేశాం, ముగ్గురం మంచం మీద కూర్చుని తిన్నాం. పదింటికి గదిలోనే కాళ్లకు మొక్కాను. నాయన తలుపు దాకా వచ్చి నిలబడ్డాడు. నేను వేరే కారులో వెళ్లాను, వాళ్లు అక్కడే పడుకున్నారు.

ఖర్చవుతుందని కొందరంటారు. రెండు లాడ్జీ రాత్రులు, దేవనహళ్లి గది, పెద్ద కారు, డ్రైవరు బత్తా, నిజమే. టిక్కెట్లకు మనం పెట్టేదాంట్లో అది ఎన్నో వంతో లెక్క వేసుకోండి. చివరి రోజు చూడ్డానికొస్తామన్న బంధువులు నొచ్చుకుంటారు, అదీ నిజమే. మా పెద్దమ్మ ఇప్పటికీ ఆ మాట అంటుంది. నేను వారం ముందే వాళ్లింటికెళ్లి భోంచేసి వస్తున్నాను.

మర్నాడు మధ్యలో విమానం మారేచోట ఫోను తెరిస్తే అమ్మ మాట్లాడింది. పగటి పూటే బయలుదేరి గువ్వలచెరువు చేరారట, కోవా కొంటున్నారట. "రెండు కిలోలు తీసుకుంటాండాం, మీ పెద్దమ్మకు కూడా" అంది. వెనక నాయన గొంతు, ఘాటులో లారీలు బాగానే కదులుతున్నాయని నాకు చెప్పమంటోంది.