ఒప్పందం జనం నోట నానాలి

పశ్చిమ ఆఫ్రికా దేశం గాంబియాలో ఓటంటే గాజు గోళీ. అభ్యర్థి రంగు పూసిన ఇనప డ్రమ్ములోకి గోళీ జారవిడిస్తే లోపల గంట మోగుతుంది. రెండోసారి మోగితే దొంగ ఓటు పడిందని బయట కూర్చున్నవారికి ఇట్టే తెలిసిపోతుంది. 2016 డిసెంబరులో ఆ గోళీలే అధ్యక్షుడు యాహ్యా జమ్మే 22 ఏళ్ల ఏలుబడికి తెరదించాయి. ముందు ఓటమి ఒప్పుకొన్న జమ్మే, వారానికే మాట మార్చారు. ‘గాంబియా తేల్చేసింది’ అని రాసిన టీషర్టులు అక్కడి వీధుల్లో వెలిశాయి. పొరుగు దేశాల కూటమి ఎకోవాస్ సేనలను కదిపింది. జనవరి 21న జమ్మే దేశం విడిచారు. ప్రజలు తమ తీర్పును గట్టిగా పట్టుకున్నారు కాబట్టే పొరుగువారి ఒత్తిడికి బలం చేకూరింది.

అయిదేళ్లు తిరక్కుండానే అదే ప్రాంతంలోని గినీలో కథ అడ్డం తిరిగింది. 2021 సెప్టెంబరులో అధ్యక్షుడు ఆల్ఫా కోండేను సైన్యం కూలదోస్తే, రాజధాని కొనాక్రీ వీధుల్లో జనం సైనికులకు జేజేలు పలికారు. వారిని తప్పుపట్టే ముందు 2020ని గుర్తుచేసుకోవాలి. కోండే రాజ్యాంగాన్ని మార్చి మూడోసారి గద్దెనెక్కిన ఏడాది అది. ఆఫ్రికా దేశాలు 2007లో ఆమోదించిన ప్రజాస్వామ్యం, ఎన్నికలు, పరిపాలన ఒప్పందం (చార్టర్) 2012లో అమల్లోకి వచ్చింది. అధికార మార్పిడికి గండికొట్టే రాజ్యాంగ సవరణా సైనిక కుట్రతో సమానమేనని అందులోని 23వ అధికరణ చెబుతోంది. ఆఫ్రికా దేశాల కూటమి ఆఫ్రికన్ యూనియన్ మాత్రం కోండేను ఉపేక్షించి, సైన్యం వచ్చాక గినీని సస్పెండ్ చేసింది. పాలకుల తప్పుకు మూగబోయే ఒప్పందాన్ని జనం తమదని ఎలా అనుకుంటారు?

చార్టర్‌ను విస్తృతంగా ప్రచారం చేయాల్సిన బాధ్యత అందులో చేరిన దేశాలదేనని 44వ అధికరణ నిర్దేశిస్తోంది. వోలోఫ్, హౌసా, బంబారా వంటి స్థానిక భాషల్లో రేడియోల ద్వారా ఆ మాట పల్లెకు చేరాలి. ప్రతి ప్రభుత్వం రెండేళ్లకోసారి ఇవ్వాల్సిన నివేదికపై ఊళ్లలో బహిరంగ చర్చ జరగాలి.

అంతకన్నా ముఖ్యం, సామాన్యుడికి కోర్టు తలుపు తెరిచి ఉండటం. ఐవరీకోస్ట్ ఎన్నికల సంఘం కూర్పు చార్టర్‌కు విరుద్ధమంటూ ఒక పౌరహక్కుల సంస్థ పోరాడి, 2016లో ఆఫ్రికా మానవ హక్కుల న్యాయస్థానంలో గెలిచింది. 2020లో ఆ దేశ ప్రభుత్వం, పౌరులు నేరుగా అక్కడికి వెళ్లే వీలునే ఉపసంహరించుకుంది. రువాండా, టాంజానియా, బెనిన్‌లదీ అదే బాట. మూసిన ఆ తలుపులను తెరవాలని ఆఫ్రికన్ యూనియన్ తన సభ్య దేశాలను గట్టిగా నిలదీయాలి.