పిప్పి మీద అక్కా తమ్ముళ్ళ పేచీ

వైన్ కోసం వంద కిలోల ద్రాక్ష పిండితే ఇరవై, ఇరవై అయిదు కిలోల పిప్పి మిగులుతుంది. తొక్కలు, గింజలు, కొంత కాడ. తొట్టి అడుగున చేరే మడ్డి వేరే లెక్క. ఆ పిప్పిని ఏం చేయాలన్నదే పేచీ. అక్కది ఫ్యాక్టరీ పక్షం, అందులోంచి సరుకులు తీయాలంటుంది. తమ్ముడిది మట్టి పక్షం, ఎరువు చేసి నేలకే వేయాలంటాడు. ఇద్దరికీ గొంతు పెద్దదే.

అక్క: ఎరువు ఎరువు అంటావు గానీ, ఆ పిప్పిలో ఏముందో తెలుసా? గింజ బరువులో దాదాపు పదో వంతు నూనె. తొక్కలో రంగు, E163 అనే కోడ్‌తో తినే వస్తువుల్లో వాడతారు. మడ్డిలో టార్టారిక్ ఆమ్లం. కేకుల్లో వేసే క్రీమ్ ఆఫ్ టార్టార్ పుట్టిల్లు అదే. ఇన్నీ ఉన్నదాన్ని పెంటకుప్పలో పోస్తావా?

తమ్ముడు: పోస్తాను. ఎందుకంటే నువ్వు చెప్పినవన్నీ నీళ్ళలో నానుతున్నాయి. ప్రెస్ నుంచి దిగిన పిప్పిలో సగానికి పైగా తేమే. గుప్పెడు తీసి నొక్కి చూడు, వేళ్ళ సందుల్లోంచి ఊదా రసం మోచేతి దాకా కారుతుంది. దాన్ని ఆరబెట్టాలంటే ఏదో ఒకటి కాల్చాలి. లారీకెత్తితే కిరాయి కట్టేది నీళ్ళకే.

అక్క: లారీ ఎందుకు, అక్కడే సారా దించు. ఇటలీలో గ్రప్పా, ఫ్రాన్స్‌లో మార్, ఇవి నిన్న మొన్నటివా?

తమ్ముడు: దించాక పిప్పి ఎక్కడికి పోయింది? ఆల్కహాల్ పోయింది, కుప్ప కుప్పలాగే ఉంది. ఫ్రాన్స్‌లోనే చూడు. పిప్పిని డిస్టిలరీకి అప్పజెప్పి తీరాలని ఏళ్ళ తరబడి నిబంధన. తర్వాత కంపోస్టుకీ బయోగ్యాస్‌కీ కూడా దారి వదిలారు.

అక్క: మరి నీ కంపోస్టు మాట? పచ్చి పిప్పి పులుపు, పీహెచ్ నాలుగుకి అటూ ఇటూ. అందులోని పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు మొలకల్ని లేవనివ్వవు. కుప్ప పోసి వదిలేస్తే, వానకి దిగిన ఊట కాలవలో చేరి నీళ్ళలో ఆక్సిజన్ అంతా లాగేస్తుంది. చేపలకి ఏం సమాధానం చెబుతావు?

తమ్ముడు: పచ్చిగా వేయమని ఎవరన్నారు? పేడ, గడ్డి కలిపి, తిరగేస్తూ నెలల తరబడి మాగబెట్టాలి. కుప్ప నడిమధ్యన అరవై డిగ్రీలు దాటుతుంది, చెయ్యి దూరిస్తే చురుక్కుమంటుంది. తీగ నేలలోంచి లాగిన పొటాష్ మళ్ళీ నేలకే చేరుతుంది.

అక్క: పొటాష్‌తో పాటు రాగి కూడా. బూజు తెగులుకి రాగి కలిసిన బోర్డో మిశ్రమం చల్లుతారుగా? యూరప్‌లో ఏడేళ్ళకి హెక్టారుకి 28 కిలోలు దాటి రాగి చల్లొద్దన్నారు. ఊరికే అన్నారా?

(ఇక్కడ తమ్ముడు కాసేపు ఆగాడు. ఈ దెబ్బ తగిలింది.)

తమ్ముడు: చల్లేదాంతో పోలిస్తే తొక్క మీద తిరిగొచ్చేది కొంచెమే. అయినా పరీక్ష చేయించకుండా వేయనులే. ఎరువు వద్దంటే పశువులున్నాయి. ఆస్ట్రేలియాలో పాడి ఆవులకి పిప్పి మేపితే, వాటి తేన్పుల్లో వచ్చే, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు ఇరవై శాతం దాకా తగ్గింది.

అక్క: ఎండబెట్టిన పిప్పేగా? ఇప్పుడు కాల్చడం గుర్తు రాలేదేం?

తమ్ముడు: పాతరేసిన పిప్పి కూడా మేపి చూశారు. అదీ పనిచేసింది. నువ్వు మాత్రం పిప్పితో చేసే ద్రాక్ష తోలు బ్యాగులే మోసుకు తిరుగు! అందులో పాలియురిథేన్ అనే ప్లాస్టిక్ కలుపుతారు, అది ఏ మట్టిలో కలుస్తుంది?

అక్క: తోలు మాట నేనెత్తానా? లేని మాట నా నోట్లో పెట్టకు.

(నిజమే, ఎత్తలేదు.)

తమ్ముడు: సరే, ఒకటి చెప్పు. కోతలు ఏడాదిలో కొన్ని వారాలే. మిగతా నెలలు నీ మిషన్లు ఏం చేస్తాయి, ఈగలు తోలుకుంటాయా?

అక్క: గింజలు నాకిచ్చెయ్. జల్లెడ పట్టి, ఆరబెట్టి నిలవ చేస్తే ఏడాదంతా నూనె ఆడిస్తాను. గింజ పైపెంకు గట్టిది. నీ కుప్పలో ఎలాగూ త్వరగా కుళ్ళదు.

తమ్ముడు: అదొక్కటి నిజం. కుప్ప తిరగేసిన ప్రతిసారీ గింజలు గింజల్లాగే కనబడతాయి. తీసుకో. మడ్డి కూడా తీసుకో. తొక్కల జోలికి మాత్రం రాకు.

అక్క: రంగంతా తొక్కల్లోనే ఉందిరా!