మిల్లర్ ట్రస్టు డబ్బు దాచుకునే చోటు కాదు

అమెరికాలోని తెలుగు కుటుంబాల మధ్య వాట్సాప్‌లో ఒక సలహా జోరుగా తిరుగుతోంది. “పెద్దవాళ్ల నెల ఆదాయాన్ని ఇన్‌కం ట్రస్టులో వేయండి. నర్సింగ్ హోం ఖర్చంతా మెడికెయిడ్ భరిస్తుంది. డబ్బు, ఇల్లు పిల్లలకు మిగులుతాయి. ఒక్కసారి సంతకం చేస్తే చాలు, ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది” అని దాని సారాంశం. మెడికెయిడ్ అంటే ఆదాయం తక్కువగా ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే వైద్య సాయం. నర్సింగ్ హోం అంటే అక్కడ ఆసుపత్రి కాదు, మంచాన పడ్డవాళ్లను ఉంచి చూసుకునే కేంద్రం. అలాంటి ట్రస్టు ఉన్నమాట నిజం, దాన్నే మిల్లర్ ట్రస్టు అంటారు. మిగతాది నమ్మితే మంచాన పడ్డ మనిషికి దక్కాల్సిన సాయం చేజారుతుంది.

టెక్సాస్, ఫ్లోరిడా, జార్జియా, న్యూజెర్సీ వంటి రాష్ట్రాల్లో నర్సింగ్ హోం మెడికెయిడ్‌కు ఆదాయ పరిమితి ఉంది. 2025లో అది నెలకు 2,901 డాలర్లు. లెక్కలోకి వచ్చేది చేతికందే సొమ్ము కాదు, కోతలకు ముందున్న మొత్తం. ఒక్క డాలరు దాటినా దరఖాస్తు తిరస్కరిస్తారు. ఆ ఆదాయమేమో నర్సింగ్ హోం బిల్లుకు ఏ మూలకూ చాలదు. ఈ ఇరకాటానికి కొలరాడోలో 1990 నాటి మిల్లర్ కేసు దారి చూపింది, 1993 ఫెడరల్ చట్టం ఆ దారిని ఖాయం చేసింది. ట్రస్టులో జమ చేసిన ఆదాయాన్ని ఆ పరిమితి లెక్కలోకి తీసుకోరు. ఆ కేసు నుంచే దీనికి మిల్లర్ ట్రస్టు అనే పేరు వచ్చింది.

“డబ్బు మిగులుతుంది” అన్నది అన్నిటికంటే పెద్ద అబద్ధం. టెక్సాస్‌లో ఒక పెద్దాయనకు సోషల్ సెక్యూరిటీ 2,200, పింఛను 1,300, మొత్తం 3,500 డాలర్లు వస్తున్నాయనుకుందాం. భార్య లేకపోతే ఆయన చేతిఖర్చుకు 75 డాలర్లు, బీమా ప్రీమియంలు ఉంటే అవీ పోను తక్కినదంతా ప్రతి నెలా నర్సింగ్ హోంకే వెళ్తుంది. ఆ పైన పడే ఖర్చునే మెడికెయిడ్ భరిస్తుంది. ఆయన పోయాక ట్రస్టులో ఏమైనా మిగిలితే, మెడికెయిడ్ పెట్టిన ఖర్చు మేరకు దానిపై మొదటి హక్కు రాష్ట్రానిదే.

ఇంట్లో భార్య ఉంటే మాత్రం లెక్క మారుతుంది, ఆ సందేశం చెప్పకుండా వదిలేసిన మేలు ఇదే. ఆమె సొంత ఆదాయం 1,000 డాలర్లయితే, ఇంట్లో ఉన్న భార్య నెల ఖర్చుకు 2025లో ఉన్న గరిష్ఠ పరిమితి 3,948 డాలర్ల దాకా నింపడానికి భర్త ఆదాయంలోంచి 2,948 డాలర్లు ఆమెకు ఇవ్వవచ్చు. అప్పుడు నర్సింగ్ హోంకు వెళ్లేది దాదాపు 477 డాలర్లే. ఇల్లు గడవడానికి ఆ తల్లికి చట్టం ఇచ్చిన హక్కు అది. దాన్ని అడగడం తెలియాలి.

పొదుపు, ఇల్లు ఈ ట్రస్టులో పెట్టడం కుదరదు. ఇది ఆదాయానికి మాత్రమే. ఆస్తుల పరిమితి వేరు, చాలా రాష్ట్రాల్లో ఒంటరి వ్యక్తికి 2,000 డాలర్లు. దరఖాస్తుకు ముందు 60 నెలల్లో పిల్లల పేర రాసిచ్చిన ఆస్తి బయటపడితే కొంతకాలం సాయం నిలిపేస్తారు. భార్య ఉంటున్న ఇంటిని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. ఆ రక్షణ చట్టం నుంచి వచ్చింది, ట్రస్టు నుంచి కాదు.

సంతకంతో పని ముగిసిపోదు. ట్రస్టు పేర విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఆదాయం ఏ నెలలో వస్తే ఆ నెలలోనే అందులో జమ చేయాలి. ట్రస్టీగా, అంటే ట్రస్టును నడిపే మనిషిగా ఉన్న కొడుకో కూతురో మరిచిపోతే ఆ నెల అర్హత పోవచ్చు. ఈ పనికి ఎవరు పూనుకుంటారో ముందే తేల్చుకోండి.

అన్ని రాష్ట్రాల్లో ఈ పద్ధతి లేదు. న్యూజెర్సీలోనే 2014 డిసెంబరులో వచ్చింది. కాలిఫోర్నియా, న్యూయార్క్ నిబంధనలు పూర్తిగా వేరు. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉన్న అన్న రాయించిన కాగితం చూసి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్న తమ్ముడు అలాంటిదే రాయించడం డబ్బు దండగ.

పిల్లల దగ్గరకు గ్రీన్‌కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులకు చాలావరకు మొదటి అయిదేళ్లు ఫెడరల్ మెడికెయిడే వర్తించదు. ఆ తరువాత కూడా వారిలో ఎక్కువమంది ఆదాయం పరిమితిని దాటదు కాబట్టి ట్రస్టు అవసరమే రాదు. అయితే ఇండియా నుంచి వచ్చే పింఛను కూడా ఆదాయమే, దాన్ని దరఖాస్తులో చూపించి తీరాలి.