మనవడున్నాడు సరే, కొడుకు పుట్టినట్టు రుజువేదీ?

ఇంగ్లండ్‌లో టీచర్ శిక్షణకు దరఖాస్తు పెట్టుకున్న మా వదినకు పోయిన నెల ఒక మెయిల్ వచ్చింది. ఎంతో మర్యాదగా రాశారు. మీ ఎమ్మెస్సీ ఫిజిక్స్ పట్టాను గుర్తించాం, సంతోషం. అయితే మీకు లెక్కలు వచ్చునని తెలిపే ఆధారమేదీ కనిపించలేదు, కాబట్టి జీసీఎస్ఈ గణితంలో 4వ గ్రేడు చూపండి అని దాని సారాంశం.

అది చదివాక నాకు వాళ్ల మీద గౌరవం పదింతలైంది. మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, బుగ్గ గిల్లి, ‘ఇంతకీ వీడి నాన్న పుట్టినట్టు రుజువేదీ?’ అని అడగడానికి ఎంత నిష్పాక్షికత కావాలి!

జీసీఎస్ఈ అంటే అక్కడి పిల్లలు పదహారేళ్లకు రాసే పరీక్ష. 2017లో ఇంగ్లిషు, లెక్కలతో మొదలుపెట్టి అక్షరాల గ్రేడులు తీసేసి అంకెలు తెచ్చారు. 9 అన్నిటికన్నా పైది, 1 అడుగుది. (మా అమ్మకు ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. తొమ్మిది తెచ్చుకున్నవాణ్ణి మెచ్చుకోవడం ఏమిటని ఆవిడ బాధ.) పాత సి గ్రేడే ఇప్పటి 4. టీచర్ కావాలంటే ఇంగ్లిషులో, లెక్కల్లో ఆ 4 ఉండాలి. చిన్న తరగతులకు చెప్పాలంటే సైన్సులోనూ ఉండాలి.

నియమాన్ని నేను తప్పుపట్టను. లెక్కలు రానివాళ్లు పిల్లలకు పాఠాలు చెప్పకూడదు. పైగా నియమం అడిగేది ఆ గ్రేడుకు సమానమైన ప్రమాణాన్ని మాత్రమే, ఆ కాగితాన్నే కాదు. సమానమో కాదో తేల్చే పని శిక్షణ సంస్థలకు వదిలేశారు. వచ్చిన చిక్కంతా అక్కడే. ఒకరు మన పదో తరగతి మెమో చాలంటారు. ఒకరు తామే చిన్న పరీక్ష పెడతామంటారు. ఒకరు ఎనిక్ అనే సంస్థకు డబ్బు కట్టి సమానతా పత్రం తెమ్మంటారు. వదినకు తగిలినవాళ్లు వీళ్లెవరూ కాదు. ఏ సమానమూ వద్దు, అసలు పరీక్షే రాయమన్నారు.

ఆ మెమో నేను చూశాను. ఎప్పుడో ల్యామినేషన్ చేయించారు, మూలల్లో బుడగలు లేచాయి. గణితం మొదటి పేపరు 50కి 50, రెండోది 50కి 47. ఎక్కడో మూడు మార్కులు పోయాయి కదా, వాళ్ల అనుమానం వాటి మీదేనేమో. (హిందీలో 20 వస్తే పాస్ చేసే మన ఔదార్యం మాత్రం వాళ్ల కంట పడకుండా ఉండాలి.)

కాబట్టి వచ్చే మే నెలలో మా వదిన పరీక్ష రాస్తుంది. పన్నెండేళ్లు జూనియర్ కాలేజీలో ఇంటర్ పిల్లలకు భ్రమణ చలనం చెప్పిన మనిషి నల్ల సిరా పెన్నులు రెండు పారదర్శకమైన సంచిలో వేసుకుని, చేతి గడియారం తీసేసి, పదహారేళ్ల పిల్లల మధ్య వరసలో నిలబడుతుంది. లోపలికి అడుగు పెట్టగానే ఒక కుర్రాడు ఇన్విజిలేటర్ అనుకుని నా సీటెక్కడని అడుగుతాడు. ఈవిడ అలవాటు కొద్దీ చూపించేస్తుంది. పరీక్షలో రెండు స్థాయులున్నాయి. కింది దానిలో ఎంత రాసినా 5 దాటదు, కావలసింది 4 కాబట్టి అదే చాలు. మొదటి పేపరుకు గంటన్నర, క్యాలిక్యులేటర్ నిషేధం. వదిన పావుగంటలో ముగించి తల ఎత్తుతుంది. పక్క బెంచీ పిల్ల భిన్నాల కూడికలో పై అంకెలు పైవాటితో, కింది అంకెలు కిందివాటితో కలిపేస్తోంది. వదిన చెయ్యి సుద్దముక్క కోసం వెతుకుతుంది. గొంతు దాకా వచ్చిన ‘హారాలు చూడమ్మా’ను మింగుతుంది. అప్పుడు వెనక నుంచి అసలు ఇన్విజిలేటర్ వచ్చి, మేడమ్, చూపు మీ పేపరు మీదే ఉంచండి అంటాడు.

ఇంతకీ ఆ దేశంలో ఫిజిక్స్ టీచర్లు కుప్పలుగా పడి ఉన్నారా? 2022-23లో శిక్షణకు కావలసినవాళ్లలో చేరింది 17 శాతం. 2023లో విదేశాల నుంచి వచ్చే ఫిజిక్స్, భాషల టీచర్లకు తరలింపు ఖర్చుల కింద పది వేల పౌండ్లు ఇస్తామన్నారు. విమానం ఖర్చు పెట్టుకుని పిలిచిందీ వాళ్లే. గుమ్మంలో నిలబెట్టి ఎక్కాలు అప్పజెప్పమనేదీ వాళ్లే. డబ్బున్నవాళ్ల పిల్లలు చదివే ప్రైవేటు స్కూళ్లలో మాత్రం టీచరుకు ప్రభుత్వ అర్హత ఉండి తీరాలన్న చట్టమే లేదు.

నవ్వుతూ రాద్దామనే కూర్చున్నాను. కానీ ఆ మెయిల్ రాసినవాళ్లలో ఒక్కరికైనా పది నిమిషాలు ఫోను చేసి ‘ఏమ్మా, ఏం చెప్పేదానివి, ఒక్క లెక్క చేసి చూపించు’ అనాలని తోచలేదు. మనిషిని అడిగితే తెలిసిపోయేదాన్ని కాగితాన్ని అడిగారు, ఆ కాగితం తమ ఊరిది కాదని పక్కన పెట్టారు. పన్నెండు బ్యాచ్‌లు! ఆవిడ దగ్గర చదివి ఇంజినీర్లయినవాళ్లలో కొందరు ఆ దేశంలోనే ఉద్యోగాలు చేస్తున్నారు, వాళ్ల లెక్కల మీద ఎవరికీ అనుమానం రాలేదు. అనుమానమంతా చెప్పిన ఆవిడ మీదే! సిగ్గుండాలి.

ఫలితాలు ఆగస్టు చివర్లో వస్తాయి. శిక్షణ సెప్టెంబరులో. ఈ ఏడాది చేరే మాట ఎటూ లేదు.

నిన్న ఫోను చేస్తే అన్నయ్య తీశాడు. వాళ్ల అమ్మాయికి కూడా వచ్చే మేలోనే జీసీఎస్ఈ. తల్లీకూతుళ్లిద్దరూ భోజనాల బల్ల దగ్గర పాత ప్రశ్నపత్రాలు చేస్తున్నారట. వెనక నుంచి ఆ పిల్ల గొంతు వినిపిస్తోంది: “అమ్మా, జవాబొక్కటే రాసేస్తే ఎలా? స్టెప్పులు చూపించకపోతే మార్కులు కోసేస్తారు.”