అడవిని వదిలేద్దామా, చేయి వేద్దామా?

వాదాంశం: దెబ్బతిన్న నేలను దాని మానాన వదిలేస్తే అదే కోలుకుంటుంది. వాది అవునంటారు, ప్రతివాది కాదంటారు. పాత స్నేహితులు కాబట్టి మర్యాదతోపాటు కాస్త వెటకారమూ వినిపిస్తుంది.

వాది: 1980 మే 18న అమెరికాలో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం బద్దలైంది. సుమారు 600 చదరపు కిలోమీటర్ల అడవి నాశనమైంది. పర్వతం ముంగిట బూడిద, ప్యూమిస్ అనే తేలికపాటి అగ్నిపర్వత రాయి తప్ప మరేమీ లేదు. కొద్ది ఏళ్లలోనే అక్కడ లూపిన్ అనే చిన్న మొక్క మొలిచింది. దాని వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. చచ్చిన మొక్కలు ఎరువయ్యాయి, గాలికి కొట్టుకొచ్చిన ధూళీ గింజలూ వాటి మొదట్లో చిక్కుకున్నాయి. ఎవరు నాటారండీ ఆ లూపిన్‌ని?

ప్రతివాది: ఎవరూ నాటలేదు. కానీ చుట్టుపక్కల సంగతి దాటేశారు మీరు. అప్పటికి పైభాగాల్లో మంచు ఇంకా కరగలేదు. దాని కింద చిన్న మొక్కలు బతికిపోయాయి. గోఫర్లనే బొరియ జంతువులు నేల లోపల ఉండి బయటపడి, బూడిద కింది పాత మట్టిని పైకి తవ్విపోశాయి. ఆ అడవికి మిగిలిన పెట్టుబడి ఉంది. ఏమీ మిగలని చోట?

వాది: ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం చూడండి. 1883లో దీవి పేలింది. మరుసటి ఏడాది వెళ్లినవాళ్లకు కనిపించిన ప్రాణి ఒక చిన్న సాలీడు. ఇప్పుడక్కడ అడవి! గింజలు గాలిలో వచ్చాయి, అలల మీద వచ్చాయి, పక్షులూ గబ్బిలాల కడుపుల్లోనూ వచ్చాయి.

ప్రతివాది: ఎక్కణ్నుంచి? జావా, సుమత్రా తీరాల నుంచి. అంత దగ్గరున్నా, పెద్ద గింజల చెట్లు ఆ దీవి మీద నేటికీ తక్కువే. అంత గింజను మింగి సముద్రం దాటే పక్షి ఏది?

(ఈ దెబ్బకు వాది కాసేపు నీళ్లు తాగారు.)

వాది: ఆలస్యమవుతుందంతే. దశలవారీగా అన్నీ వస్తాయి.

ప్రతివాది: దశలా! 1916లో అమెరికా వృక్ష శాస్త్రవేత్త ఫ్రెడరిక్ క్లెమెంట్స్ అలాగే అన్నారు, వృక్ష సముదాయం ఒక జీవిలా పెరిగి చరమ దశకు, అంటే ఇక పెద్దగా మారని స్థితికి, చేరుతుందని. పదేళ్లకే మరో వృక్ష శాస్త్రవేత్త హెన్రీ గ్లీసన్ కాదన్నారు: ఏ జాతి దారి దానిదే, కలిసి కనబడటం చాలావరకు యాదృచ్ఛికం. తొలి మొక్క తర్వాతి దానికి దారి ఇవ్వొచ్చు, అడ్డమూ పడొచ్చు. ఆగ్నేయాసియాలో అడవి కాలిన చోట దర్భజాతి గడ్డి కమ్ముకుంటుంది. వేసవిలో అది అంటుకుని చెట్ల మొలకల్ని చంపుతుంది, మళ్లీ తను చిగురిస్తుంది. వందేళ్లు వదిలేసినా గడ్డే.

వాది: అయితే నిప్పు రాకుండా చూడండి.

ప్రతివాది: దాన్నే చేయి వేయడం అంటారు.

వాది: కాదండీ, నిప్పు ఆపడం వేరు, ఒకే జాతి మొక్కలు వరసగా పాతి అడవి అనడం వేరు. 1988లో అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో మూడో వంతుకు పైగా మంటలు పాకాయి. అక్కడి లాడ్జ్‌పోల్ పైన్ చెట్లలో చాలావాటి కాయలు జిగురుతో మూసుకుని ఉంటాయి, వేడికే విచ్చుకుంటాయి. కాలిన చోట కిక్కిరిసి మొలిచాయి. నాటి ఉంటే అనవసరపు ఖర్చూ టెన్షనూ అయ్యేవి, అంతే.

ప్రతివాది: ఆ మొలకల కథ సగంలో ఆపారు. 2016లో అక్కడి కొంత భాగం మళ్లీ కాలింది. తగినన్ని కాయలు కూడబెట్టుకునే వయసు రాకముందే చెట్లు పోయాయి. ఈసారి మొలకలు బాగా పలచగా వచ్చాయి. వేడి పెరిగి, మంటకూ మంటకూ మధ్య ఎడం తగ్గుతుంటే మీ ఓపిక ఏం చేస్తుంది?

వాది: సరే, నాటుదాం. ఏది నాటుతారు? అదే పైన్ అయితే మళ్లీ కాలుతుంది. వేడిని తట్టుకునే పరాయి జాతి అయితే మీరు బాగు చేస్తున్నది ఏ అడవిని?

ప్రతివాది: గింజ చేరే దూరంలో తల్లి చెట్టు ఉంటే మీ మాటే వింటాను, ముట్టుకోను. లేనిచోట ఆ జాతినే అక్కడక్కడా గుంపులుగా నాటి, మిగతాది పక్షులకు వదిలేస్తాను.

వాది: పరాయి జాతి సంగతి?

ప్రతివాది: ఇప్పుడే మాటివ్వను.