జేమ్స్ వాట్ చేసిన పొరపాటు

1763లో గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్లు సరిగ్గా నడవని ఒక బుల్లి న్యూకోమెన్ రకం (అప్పట్లో వాడుకలో ఉన్నది) ఆవిరి ఇంజిన్‌ను బాగుచెయ్యమని జేమ్స్ వాట్ చేతికి ఇచ్చారు. విద్యార్థులకు చూపించడానికి పెట్టుకున్న నమూనా అది. బాగుచేసి, నూనెగుడ్డతో తుడిచి, బల్ల మీద పెట్టుకుని నాలుగు రోజులు మురిసిపోయి తిరిగి ఇచ్చేస్తే సరిపోయేది.

ఆయన అక్కడితో ఆగలేదు. పిస్టన్ కాసేపు ఆడేసరికే బాయిలర్‌లో ఆవిరి ఎందుకు అయిపోతోందని ఆలోచించడం మొదలెట్టాడు. బుల్లి సిలిండర్‌లో పట్టే ఆవిరితో పోలిస్తే దాని గోడల వైశాల్యం ఎక్కువ. ప్రతిసారీ ఆ గోడల్ని చన్నీళ్లతో చల్లార్చడం, మళ్లీ వేడెక్కించడం, దీనికే బోలెడు ఆవిరి ఖర్చయిపోతోందని తేల్చాడు. 1765లో ఆవిరిని చల్లార్చే పనిని విడిగా ఒక కండెన్సర్‌కు అప్పగించే ఆలోచన చేశాడు. 1769లో పేటెంటు పుచ్చుకున్నాడు. తర్వాతి సంగతి మీకు తెలిసిందే: ఫ్యాక్టరీలు, పొగ, షిఫ్టులు, సోమవారం ఉదయాలు.

ఒక్క మోడల్ ఇంజిన్‌తో వేళ్లు ఊరుకోకపోతే ఇంత జరిగింది. అందుకే ఇంట్లో బుల్లి ఇంజిన్లు చేసుకునే మా వర్గం ఒక నియమాన్ని కంటికి రెప్పలా కాపాడుకుంటోంది. మేం చేసిన ఏ ఇంజినూ ఎందుకూ పనికిరాకూడదు.

ఇదేదో తేలికని మీరు అనుకుంటే పొరపాటు. నా ఆసిలేటింగ్ ఇంజిన్ అరచేతిలో పడుతుంది. దానికి వాల్వులు కూడా ఉండవు, సిలిండరే అటూ ఇటూ ఊగుతూ గాలి దారుల్ని తెరిచి మూస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది వారాంతపు పని అంటారు. ఎన్ని వారాంతాలో చెప్పరు. నాకు రెండేళ్లు పట్టింది.

ఎందుకంటే ఇంజిన్‌కు లోహాన్ని తిప్పుతూ చెక్కే లేత్ కావాలి. లేత్‌కు టూల్ కావాలి, టూల్‌కు పదును పెట్టే రాయి కావాలి, రాయి దగ్గర టూల్‌ను సరైన కోణంలో ఆనించడానికి ఒక దిమ్మ కావాలి, ఆ దిమ్మ చేసుకోవాలంటే మళ్లీ లేత్‌కు ఇంకో తగిలింపు కావాలి. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చుకున్న సన్యాసి మాకు ఆదిగురువు. మొదటి ఏడాది చివరికి నా దగ్గర పనిముట్లు చేసే పనిముట్లు పదకొండు తేలాయి. ఇంజిన్ మాత్రం ఇంకా కాగితం మీదే ఉంది.

ఇక సిలిండర్. పాపం, వాట్ కూడా ఇక్కడే చతికిలపడ్డాడు. గుండ్రటి సిలిండర్ దొరక్క ఏళ్లు గడిచిపోయాయి. చివరికి ఫిరంగి గొట్టాలు తొలిచే జాన్ విల్కిన్సన్ దిక్కయ్యాడు. ఆయన తొలిచిన 50 అంగుళాల సిలిండర్‌లో ఎక్కడా పాత షిల్లింగ్ నాణెం మందమంత తేడా కూడా లేదని వాట్ భాగస్వామి బౌల్టన్ పొంగిపోయాడు. షిల్లింగ్ మందమట! నా పిస్టన్ పక్కన వెంట్రుకలో పావు వంతు ఖాళీ ఎక్కువైందని నేను రెండు రాత్రులు కన్ను మూయలేదు. లోకాన్ని మార్చేసిన ఆ సరుకు నా బల్ల మీదకు వచ్చుంటే నేరుగా తుక్కు డబ్బాలోకి పోయేది.

ఆఖరి రంధ్రంలో, లోపల మరలు కోసే ట్యాప్ విరగడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. మొదటి రంధ్రంలో విరిగితే పెద్దగా నష్టం ఉండదు కాబట్టి అది అక్కడ విరగదు. లోపల ఇరుక్కున్న ముక్క మామూలు డ్రిల్లుకు లొంగనంత గట్టి స్టీలు. విరిగింది ఇత్తడిలో అయితే పటిక నీళ్లలో వేసి సన్నసెగ మీద గంటల తరబడి కాయాలి. స్టీలు మెల్లగా తినేసుకుపోతుంది, ఇత్తడి అలాగే ఉంటుంది. (ఇనప గిన్నెలో కాయకండి. నాకెలా తెలుసని అడక్కండి.)

ఇన్ని గండాలు దాటి మొన్న రాత్రి ఇంజిన్ తిరిగింది. బాయిలర్ అంటే పేలుడు భయం కనక, మాలో చాలామంది లాగే నేనూ కంప్రెసర్ గాలే పెట్టాను. టకటకమంటూ దాని బరువైన చక్రం, అదే ఫ్లైవీల్, తిరుగుతుంటే ఇంటిల్లిపాదినీ పిలిచాను.

“ఏమండీ, ఇది దేన్ని తిప్పుతుంది?” అంది మా ఆవిడ.

“ఫ్లైవీల్‌ని.”

“అది దేన్ని తిప్పుతుంది?”

“అదే తిరుగుతుంది.” గర్వంగా చెప్పాను. నియమం నిలబడింది.

మా అమ్మాయి మాత్రం మూలన గర్జిస్తున్న కంప్రెసర్ వైపు చూసింది. “నాన్నా, దాని లోపల మోటారు ఉందిగా? ఈ చక్రాన్ని దానికే తగిలించి ఉంటే మొదటి రోజే తిరిగేదిగా?”

చిన్నపిల్ల. పెద్దయ్యాక అర్థమవుతుంది.

అందరూ పడుకున్నాక మళ్లీ ఒక్కణ్నే కూర్చుని చూశాను. ఇంత బుల్లి ఇంజిన్ అంత గాలి ఎందుకు తాగుతోంది? ఊగే సిలిండర్ వెనక, రంధ్రాలు తెరుచుకునే చోట బుసబుస వినిపిస్తోంది. అక్కడ ఒక చిన్న మార్పు చేస్తే సగం గాలి మిగులుతుందేమో. స్ప్రింగ్ కాస్త బిగించి, రంధ్రం ఇటు జరిపి... చెయ్యి దానంతటదే పెన్సిల్ వైపు వెళ్లింది.

వెంటనే గాలి కట్టేసి, లైటు ఆర్పి, గదికి తాళం వేసి వచ్చి పడుకున్నాను.