చంద్రుడికి దారి మరిచిపోయారా?

ఏటా జూలై 20 దగ్గర పడుతుండగా మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం వచ్చి వాలుతుంది. పంపేది మా బావగారు. ముప్పై ఏళ్లకు పైగా వంతెనలు కట్టించి పదవీ విరమణ చేసిన ఇంజినీరు, లెక్క తెలిసిన మనిషి. అందుకే ఈసారి చేతులు జోడించిన బొమ్మతో సరిపెట్టకుండా జవాబు రాయాలనుకున్నాను. సందేశం సారం ఇది:

"మన జేబులో ఫోనుకున్న శక్తిలో వెయ్యో వంతు కూడా లేని కంప్యూటర్‌తో 1969లో చంద్రుడి మీద దిగారట. మన చంద్రయాన్‌కు 40 రోజులు పడితే వాళ్లకు నాలుగు రోజులేనట. 1972 తర్వాత ఒక్క మనిషీ అక్కడ కాలు పెట్టలేదు. అడిగితే సాంకేతికత పోయిందంటారు, టేపులు చెరిగిపోయాయంటారు. భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ పట్టీలను దాటి ఎవరైనా బతుకుతారా? అమెరికా వాళ్లు తప్ప చూసిందెవరు? ఆలోచించండి. పది మందికి పంపండి."

పంపే ముందు ఆలోచించమన్నారు కాబట్టి ఆలోచిద్దాం.

కంప్యూటర్ గురించి చెప్పింది నిజమే. అపోలో నౌకలోని కంప్యూటర్ బరువు 32 కిలోలు, పని చేస్తూ మార్చుకోగలిగిన జ్ఞాపకశక్తి 2,048 పదాలు. శాశ్వతంగా ఉండవలసిన ప్రోగ్రామునైతే కర్మాగారంలో స్త్రీలు రాగి తీగలను అయస్కాంత వలయాల గుండా దూర్చి, దాదాపు మగ్గం మీద నేసినట్టు చేత్తో అల్లారు. పెద్ద లెక్కలన్నీ హ్యూస్టన్‌లో నేల మీద ఉన్న ఐబీఎం యంత్రాలు చేసి పైకి పంపేవి. అయితే మనిషిని చంద్రుడి దాకా పంపడంలో అసలు చిక్కు లెక్కలతో కాదు, బరువుతో వస్తుంది. ఫోను ఎంత వేగంగా పనిచేసినా ఒక్క కిలో బరువునైనా పైకి లేపలేదు. లేపవలసింది రాకెట్టు. 1969 నుంచి ఫోన్ల మాదిరిగా రాకెట్లేమీ వెయ్యి రెట్లు మెరుగుపడలేదు. మండే ఇంధనం నుంచి వచ్చే శక్తికి రసాయన శాస్త్రం గీసిన హద్దు అప్పుడెక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది.

40 రోజుల లెక్క తేలేదీ ఇక్కడే. శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ను తీసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్టు ఎత్తు 43.5 మీటర్లు, బరువు 640 టన్నులు. అపోలోను మోసిన సాటర్న్-5 ఎత్తు దాదాపు 111 మీటర్లు, బరువు మూడు వేల టన్నులకు కాస్త తక్కువ. అది 45 టన్నుల నౌకను ఒక్క ఊపులో చంద్రుడి వైపు విసరగలిగేది. మనం పంపినది నాలుగు టన్నుల లోపు. దాన్ని కూడా ముందు భూమి చుట్టూ కోలగా తిప్పి, భూమికి దగ్గరగా వచ్చినప్పుడల్లా ఇంజిన్ మండించి, కక్ష్యను మెల్లగా సాగదీసుకుంటూ వెళ్లారు. ఎర్ర బస్సులో ఊరూరూ ఆగుతూ వెళ్లడం లాంటిది. ఖర్చు తక్కువ, సమయం ఎక్కువ. యంత్రానికి ఆకలి వేయదు కనుక నష్టం లేదు. లోపల మనుషులుంటే 40 రోజుల తిండి, నీరు, గాలి మోయాలి. పోనీ రాకెట్టుకు సత్తువ ఉంటే యంత్రమైనా త్వరగానే చేరుతుంది: అదే 2023 ఆగస్టు 11న బయలుదేరిన రష్యా లూనా-25 అయిదు రోజుల్లో చంద్రుడి కక్ష్యలో ఉంది. దిగబోయి కూలిపోవడం వేరే కథ.

ఇక మూలప్రశ్న: 1972 తర్వాత ఎందుకు దిగలేదు? సందేశం మొత్తంలో మంచి ప్రశ్న ఇదొక్కటే. తప్పంతా దాని నుంచి తీసిన తీర్పులో ఉంది. ఒకసారి చేసినవాళ్లు మళ్లీ చేయకపోతే మొదటిది అబద్ధమా? రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో అంతరిక్షంలోకి వెళ్లారు. ఆ తర్వాత మరో భారత పౌరుడు, శుభాంశు శుక్లా, వెళ్లింది 2025 జూన్‌లో. మధ్యలో 41 ఏళ్లు. అందుకని రాకేశ్ శర్మ వెళ్లలేదని మన బావగారు అనరు. పసిఫిక్ సముద్రంలో అన్నిటికన్నా లోతైన మరియానా అగాధం అడుగుకు 1960లో ఇద్దరు దిగారు. మళ్లీ మనిషి అక్కడికి చేరింది 2012లో. వీటిలో ఎక్కడా దారి మూసుకుపోలేదు. వెళ్లవలసిన అవసరం లేకపోయింది, డబ్బు పెట్టేవాడు లేకపోయాడు.

చంద్రుడి విషయంలో డబ్బు పెట్టినవాడికి చంద్రుడి మీద మోజే లేదు. 1961 ఏప్రిల్‌లో గగారిన్ భూమిని చుట్టి వచ్చాడు. అదే నెలలో క్యూబా మీద అమెరికా చేయించిన దాడి పరువు తీసింది. మే 25న కెనెడీ చట్టసభ ముందుకు వెళ్లి, ఈ దశాబ్దం ముగిసేలోగా మనిషిని చంద్రుడి మీద దించుతామన్నాడు. 1962 నవంబరులో నాసా అధిపతి జేమ్స్ వెబ్‌తో అతడు మాట్లాడిన మాటల రికార్డింగు ఉంది. తనకు అంతరిక్షం మీద అంత ఆసక్తి లేదనీ, సోవియట్లను దాటడమే ముఖ్యమనీ అందులో తేటగా చెప్పాడు. మరుసటి ఏడు ఐక్యరాజ్యసమితిలో నిలబడి, ఇద్దరం కలిసే వెళ్దామా అని సోవియట్లనే అడిగాడు కూడా.

ఆ పంతం కోసం 1966లో అమెరికా కేంద్ర బడ్జెట్‌లో 4.4 శాతం నాసాకు వెళ్లింది. ఇప్పుడు అది అర శాతం కూడా ఉండదు. ఉచ్ఛదశలో నాలుగు లక్షల మంది ఆ పనిలో ఉన్నారు. అంత సొమ్ము యుద్ధకాలంలో తప్ప ఏ ప్రజాస్వామ్యమూ ఒకే పనికి ఎక్కువ కాలం ఇవ్వదు. నన్నడిగితే వింత 1972 తర్వాత ఆగిపోవడం కాదు, 1961లో మొదలు కావడం.

పైగా ఆపేయడం దిగకముందే మొదలైంది. పదిహేను మించి సాటర్న్-5లు కట్టవద్దని 1968 ఆగస్టులోనే తేల్చేశారు, ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు పెట్టడానికి ఏడాది ముందు. అపోలో-11 బయలుదేరే ముందురోజు రాల్ఫ్ అబర్నతీ అనే పౌరహక్కుల నాయకుడు పేద కుటుంబాలను, కంచరగాడిదల బండిని వెంటబెట్టుకుని ప్రయోగ కేంద్రం దగ్గరికే వచ్చి, ఆకలి ఉన్న దేశంలో ఇదేమి ఖర్చని నిలదీశాడు. 1969 సెప్టెంబరులో ఉపాధ్యక్షుడు ఆగ్న్యూ బృందం అంతరిక్ష కేంద్రం, చంద్రుడి మీద స్థావరం, ఆపైన అంగారకుడు అంటూ నివేదిక ఇస్తే నిక్సన్ దాన్ని పక్కన పెట్టాడు. 1970 జనవరిలో అపోలో-20, ఆ సెప్టెంబరులో మరో రెండు యాత్రలు రద్దయ్యాయి. మిగిలిన రాకెట్లలో ఒకటి స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రాన్ని పైకి పంపడానికి పనికొచ్చింది. ఎగరని సాటర్న్-5ల భాగాలు హ్యూస్టన్‌లో, ఫ్లోరిడాలో, హంట్స్‌విల్‌లో బారుగా పడుకోబెట్టి ఉన్నాయి. టికెట్టు కొని చూడవచ్చు. అబద్ధమాడేవాడు ఆధారాన్ని 111 మీటర్ల పొడవున ప్రదర్శనకు పెట్టడు.

తర్వాతి కథ అయిదేళ్లకోసారి ముఖ్యమంత్రి మారగానే పాత పథకం పేరు మారే రాష్ట్రాలలో ఉన్న మనకు కొత్తగా అనిపించదు. 1989 జూలై 20న పెద్ద బుష్ మళ్లీ చంద్రుడు, ఆపైన అంగారకుడు అన్నాడు. ఖర్చు అంచనా 50 వేల కోట్ల డాలర్లు అనేసరికి చట్టసభ తలుపు వేసింది. 2004 జనవరిలో చిన్న బుష్ 2020కల్లా చంద్రుడన్నాడు. చాలినంత డబ్బు మాత్రం ఇవ్వలేదు. 2010లో ఒబామా వచ్చి, చంద్రుడు చూసిన చోటే కదా, గ్రహశకలానికి వెళ్దామని ఆ పథకాన్ని కొట్టేశాడు. 2017 డిసెంబరులో ట్రంప్ గ్రహశకలాన్ని వదిలి మళ్లీ చంద్రుడి వైపు తిప్పాడు. 2019లో దానికి ఆర్టెమిస్ అని పేరు పెట్టి, దిగే ఏడాది 2024 అన్నారు. ఆ ఏడాదీ వచ్చి వెళ్లిపోయింది. అధ్యక్షుడు మారినా బైడెన్ దాన్ని రద్దు చేయకపోవడమే ఈ చరిత్రలో అరుదైన సంగతి.

ఆర్టెమిస్ రాకెట్టులో షటిల్ కాలం నాటి ఇంజిన్లు వాడుతున్నారు. ఒక్కొక్క ప్రయోగానికి 410 కోట్ల డాలర్లు అవుతుందని 2022లో నాసా సొంత తనిఖీ అధికారే చట్టసభ ముందు చెప్పాడు. ఈ రాకెట్టు పనులు ఎన్నో రాష్ట్రాలకు పంచి ఉన్నాయి కనుకే అది బతికిందని చాలామంది అంటారు, నాకూ అదే అనిపిస్తుంది. చైనా 2030 లోపు తన మనిషిని దించుతానంటోంది. మన దేశం 2040 అని పెట్టుకుంది. పోటీ మళ్లీ మొదలయ్యేసరికి డబ్బు మళ్లీ కదిలింది, గమనించారా బావగారూ?

"సాంకేతికత పోయింది" అన్న మాట ఎక్కడిది? డాన్ పెటిట్ అనే వ్యోమగామి ఒక సందర్భంలో, ఆ సాంకేతికతను మనమే ధ్వంసం చేసుకున్నాం, మళ్లీ కట్టడం బాధాకరమైన పని అన్నాడు. ఆ ముక్కను కోసి తిప్పుతున్నారు. అతడన్నది కర్మాగారాల గురించి, అచ్చుల గురించి, వెల్డింగు చేసిన చేతుల గురించి. నక్షాలు మైక్రోఫిల్మ్ మీద ఉన్నాయి. అయితే నక్షా ఉంటే రాకెట్టు ఉన్నట్టు కాదు. అప్పటి పనివాళ్లు ఒక్కో ఇంజిన్‌కు అక్కడికక్కడ చేసిన సర్దుబాట్లు కాగితం మీదికి పూర్తిగా ఎక్కలేదు. 2013లో హంట్స్‌విల్ ఇంజినీర్లు సాటర్న్-5 కాలం నాటి ఎఫ్-1 ఇంజిన్‌ను విప్పి, కొలిచి, అందులో ఒక ప్రధాన భాగాన్ని మళ్లీ మండించి చూశారు. ఆ పాత భాగం పనిచేసింది.

ఇంత దూరం దేనికి, నిజామాబాద్ దగ్గరి కోనసముద్రం తీసుకోండి. అక్కడ మూసల్లో కరిగించిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వ్యాపారులు వచ్చేవారు. కొలుములు ఆరిపోయాయి, చేయి తిరిగిన వంశాలు వేరే పనుల్లోకి వెళ్లాయి. ఈనాటి లోహశాస్త్రవేత్తలు ఆ ఉక్కును మళ్లీ రాబట్టడానికి చాలా అవస్థ పడ్డారు. అందుకని ఆ ఉక్కే లేదని ఎవరైనా అన్నారా?

టేపుల సంగతి రెండు మాటల్లో: చెరిగినవి అపోలో-11 సంకేతాల మూల టేపులు. టేపుల కొరత వచ్చినప్పుడు వాటి మీదే వేరే సమాచారం రికార్డు చేశారు. అది సిగ్గుపడవలసిన నిర్లక్ష్యమే. ఆనాడు ప్రసారమైన దృశ్యాల ప్రతులున్నాయి, మిగిలిన అయిదు యాత్రల చిత్రాలున్నాయి, వేలాది ఫొటోలున్నాయి.

వాన్ అలెన్ రేడియేషన్ పట్టీలలో కాపురం ఉంటే ప్రమాదమే. అపోలో వాళ్లు మందమైన చోటును తప్పించి, కొద్ది గంటల్లో దాటిపోయారు. యాత్ర మొత్తంలో వాళ్ల మీద పడింది సగటున ఒక రాడ్ (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) లోపే, రేడియేషన్ జబ్బు తెప్పించే మోతాదుకు ఎంతో దిగువన. ఇప్పుడు నాసా ఈ పట్టీల గురించి ఎక్కువ బెంగ పడడానికి ఒక కారణం విచిత్రమైనది: చేత్తో అల్లిన ఆ మోటు జ్ఞాపకశక్తిని రేడియేషన్ పెద్దగా కదపలేదు కానీ నేటి సన్నటి చిప్పులను ఇట్టే తికమకపెడుతుంది. మొదటి వాక్యంలో వెక్కిరించిన కంప్యూటరే ఇక్కడ గట్టిది.

చివరిది, చూసిందెవరు? చంద్రుడి మీద వదిలిన అద్దాల నుంచి లేజర్ తిరిగి వస్తుందని చాలామంది వాదిస్తారు. ఆ ఒక్కటే చూపితే ఓడిపోతాం. అలాంటి అద్దాలను సోవియట్లు మనిషి లేకుండానే బండ్ల మీద పంపారు. రాళ్లు గట్టి సాక్ష్యం. అపోలో తెచ్చినవి 382 కిలోలు, దాదాపు మూడు మీటర్ల లోతు నుంచి గొట్టంతో తీసిన మట్టితో సహా. సోవియట్ యంత్రాలు మూడు ప్రయాణాల్లో కలిపి తెచ్చింది మూడు వందల గ్రాముల పైచిలుకు. 1971లో ఇరువురూ నమూనాలు మార్చుకున్నారు. అబద్ధమైతే పట్టుకోవడానికి అంతకన్నా మంచి అవకాశం మాస్కోకు దొరికేదా? ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద ఉన్న గంటల్లోనే మనుషుల్లేని సోవియట్ నౌక లూనా-15 అక్కడే కూలిపోయింది. చంద్రుడి కోసం వాళ్లు కట్టిన ఎన్-1 రాకెట్టు నాలుగుసార్లూ విఫలమైంది. ఓడినవాడు కిమ్మనలేదు.

అమెరికా మాటే నమ్మనక్కరలేదు. చంద్రయాన్-2 కెమెరా తీసిన చిత్రాల్లో అపోలో-11 వాళ్లు అక్కడ వదిలివచ్చిన, దిగిన నౌక దిగువ భాగం చుక్కలా, దాని పక్కన నీడతో కనిపిస్తుంది. ఆ చిత్రాన్నే జత చేసి గ్రూపులో పెట్టాను.

అరగంటకు బావగారి నుంచి ఒక ప్రశ్న వచ్చింది: "ఇది తీసినప్పుడు సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడు? నీడ పొడవు కొలిస్తే దాని ఎత్తు తేలుతుంది." ఇంజినీరు అడగవలసిన ప్రశ్నే. వివరాలు వెతుకుతున్నాను.